మధ్యవర్తి పెట్టిన పచ్చ టిక్కు

మా ఆయనతో నేను మాట్లాడి ఆ శుక్రవారానికి ఆరు రోజులైంది. ఆ లెక్క నేను పెట్టుకోలేదు, మా అత్తగారు పెట్టారు. పొద్దున్నే కాఫీ కప్పు నా ముందు పెడుతూ "ఆరో రోజు" అని ప్రకటించారు, రేడియోలో వాతావరణం చెప్పినట్టు.

గొడవకి కారణం చెప్తే నవ్వుతారు. నవ్వండి, నాకేం. మీటింగులో మా మేనేజరు "కొత్త వెర్షన్ రెండు వారాలు ముందే ఇచ్చేయగలమా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన "మాకేం ఇబ్బంది లేదు సార్" అన్నాడు. ఆ "మాకు"లో సగం నేను. అంటే నా తలకాయ కూడా తనే ఊపేశాడన్నమాట. ఇంటికొచ్చాక అడిగితే "ఇంత చిన్న విషయానికా?" అన్నాడు. అంతే, ఆ సాయంత్రానికి "నువ్వు" కాస్తా "మీరు" అయింది. మర్నాటికి ఆ "మీరు" కూడా పోయింది. నా కోపం పాలపొంగులా వచ్చి పోయే రకం కాదు. ఊకనిప్పులా లోపల్లోపలే రాజుకుంటుంది.

మా అత్తగారు ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఆ ఆరు రోజులూ మా మధ్య కబుర్లు ఆవిడే మోశారు. "అత్తయ్యా, గ్యాసు అయిపోవచ్చిందని చెప్పండి." "అమ్మా, నా తాళాలు ఎక్కడున్నాయో అడుగు." ముగ్గురం ఒకే టేబుల్ చుట్టూ కూర్చునే ఈ భాగోతమంతా. శుక్రవారం పొద్దున ఆవిడకి విసుగు తన్నుకొచ్చింది.

"లైను కలపగానే నేను చెయ్యి తీసేసేదాన్ని కాదు. అవతలి మనిషి హలో అన్నది విని, ఇవతలి మనిషి మాట అందుకున్నాక అప్పుడు వదిలేదాన్ని. మీ ఇద్దరికీ నాతో చెప్పేస్తే చాలు, చేరిపోయినట్టే లెక్క. చేరిందో లేదో ఎవరికీ పట్టదు. ఇవాళ్టి నుంచి ఎక్స్ఛేంజి మూసేశాను. మీ తిప్పలు మీరు పడండి," అన్నారు.

ఆవిడ మాట నేను చెవిన పెట్టలేదు. పెట్టి ఉంటే చెప్పుకోవడానికి ఈ కథ ఉండేది కాదు.

మా కంపెనీ ఒక పరుపుల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు తయారుచేస్తాం. మేము వాటిని పెట్టెలంటాం. పెట్టెలో పడుకోబెట్టిన బిడ్డ పొట్ట మీద చిన్న ప్రోబ్ అతికిస్తారు. అది బిడ్డ ఒంటి వేడిని చదువుతుంది. ఆ చదివిన దాన్ని అంకెగా మార్చే ప్రోగ్రామ్ మా ఆయనది. ఆ అంకెను చూసి పెట్టెను ఎంత వేడి చేయాలో తేల్చే ప్రోగ్రామ్ నాది. "చదవడం ఆయన వంతు, వేడెక్కడం ఆవిడ వంతు" అని ఆఫీసులో మా మీద ఒక పాత జోకు. మా ఇద్దరి కుర్చీలకీ మధ్య ఎనిమిది అడుగుల దూరం, వీపు వీపుకి ఎదురుగా.

మేం రాసేదంతా ఒకేచోట దాచి ఉంటుంది. ఎవరి నకలు వాళ్ళు తీసుకుని, మార్చుకుని, తిరిగి అందులోకి పంపుతాం. అలా వచ్చిన నకళ్ళను కలిపే పని మనిషిది కాదు, ఒక ప్రోగ్రామ్‌ది. ఆఫీసులో దానికి "మధ్యవర్తి" అని పేరు పెట్టుకున్నాం. ఇద్దరు ఒకే వరుసను రెండు రకాలుగా మారిస్తే మధ్యవర్తి ఆగిపోతుంది. ఎర్రగా గుర్తు పెట్టి, మీరే తేల్చుకోండంటుంది. వేర్వేరు వరుసల్ని మారిస్తే మాత్రం కిక్కురుమనకుండా రెండూ కలిపేసి పచ్చ టిక్కు పెడుతుంది. ఆ మార్పుల అర్థమేంటో దానికి తెలియదు. వరుసలు తగులుకున్నాయా లేదా అన్నదే దాని చూపు.

ఎర్ర గుర్తు పడినప్పుడల్లా మేం తొట్టి పరీక్ష చేసేవాళ్ళం. తొట్టి అంటే గోరువెచ్చని నీళ్ళ తొట్టే. అసలు ప్రోబ్‌ను నీళ్ళలో ముంచి, పక్కన గాజు థర్మామీటర్ పెట్టి, పెట్టె చూపించే అంకె, నీళ్ళ వేడి ఒకటేనా కాదా అని రెండు గంటలు చూడాలి. ఆ పని చేసే పెద్దాయన్ని తొట్టి మాస్టారంటాం. పచ్చ టిక్కు పడినప్పుడు మాత్రం తొట్టి అక్కర్లేదు. ఎవరి ముక్కను వాళ్ళు విడిగా పరీక్షించుకుంటే చాలు. ఈ నియమం గోడ మీద పెద్దక్షరాలతో అంటించి ఉండేది. ఆ నియమం రాసింది ఎవరో కాదు, నేనే. ఏడాది కిందట పని తొందరగా తెమలాలని రాశాను. అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఇక అసలు సంగతి. మా పెట్టెలు ఆరింటిని ఒక ఆస్పత్రిలో ప్రయోగంగా వాడుతున్నారు. ఆ వార్డు హెడ్ సిస్టర్ బుధవారం ఉత్తరం రాసింది. "తెర మీద ముప్పై ఆరున్నర ఉంటోంది, మా థర్మామీటర్‌లో ముప్పై ఏడు పాయింట్ రెండు వస్తోంది. పిల్లలు వేడెక్కుతున్నారు. తేడా సంగతి చూడండి." కొత్తగా వచ్చిన ప్రోబులు ఉన్న వేడిని ఏడు పాయింట్లు తక్కువగా చదువుతున్నాయి. అంటే వచ్చిన అంకెకు సున్నా పాయింట్ ఏడు కలిపితే సరిపోతుంది. మేనేజరు ఆ ఉత్తరాన్ని మా ఇద్దరికీ పంపి, కింద "మీరిద్దరూ చూసుకోండి" అని రాశాడు.

మామూలుగా అయితే అది రెండు నిమిషాల పని. మెట్ల దగ్గర టీ తాగుతూ "నువ్వు కలుపుతావా, నేను కలపనా?" అనుకుంటే తేలిపోయేది. ఆ వారం మా టీలు వేరు, మెట్లు వేరు. ఆయన పట్టించుకోడులే, ఎప్పుడు పట్టించుకున్నాడు గనక అనుకుని నా ప్రోగ్రామ్‌లో నేను సున్నా పాయింట్ ఏడు కలిపాను. పరీక్షించాను, నెగ్గింది. ఎనిమిది అడుగుల అవతల, ఆవిడ అలిగి కూర్చుంది, ఇది ముట్టుకోదులే అనుకుని తన ప్రోగ్రామ్‌లో ఆయనా సున్నా పాయింట్ ఏడు కలిపాడు. పరీక్షించాడు, నెగ్గింది.

శుక్రవారం పదిన్నరకి మధ్యవర్తి రెండిటినీ కలిపి పచ్చ టిక్కు పెట్టింది. గోడ మీద నియమం ఉండనే ఉంది. తొట్టి మాస్టారు చేతులు కడుక్కుని ఇంటికెళ్ళిపోయారు. పన్నెండింటికి కొత్త వెర్షన్ వార్డుకి చేరింది. హెడ్ సిస్టర్ ఒక్కో పెట్టె దగ్గర బటన్ నొక్కి దాన్ని ఎక్కించింది.

మధ్యాహ్నం మూడు కావస్తుండగా వారపు నివేదిక రాయడానికి కూర్చున్నాను. ఆ వారం ఎవరెవరు ఏమేం మార్చారో ఒక పట్టికలోంచి చూసి రాయడమే. అందులో ఏడో వరుస: "ప్రోబ్ సవరణ, సున్నా పాయింట్ ఏడు", ఎదురుగా మా ఆయన సంతకం. ఎనిమిదో వరుస: "ఉష్ణోగ్రత సవరణ, సున్నా పాయింట్ ఏడు", ఎదురుగా నా సంతకం. ఆ రెండు వరుసలూ పక్కపక్కనే బుద్ధిగా కూర్చున్నాయి.

లేచి ఆ ఎనిమిది అడుగులూ నడిచాను.

"నువ్వూ కలిపావా?"

ఆరు రోజుల తర్వాత నేనన్న మొదటి మాట అది. ఆయన ఉలిక్కిపడి తిరిగాడు.

"ఏం కలిపాను?"

"సున్నా పాయింట్ ఏడు."

"కలిపాను. సిస్టర్ రాసిందిగా." నా మొహం చూశాడు. ఆయన మొహంలో రంగు పోవడం నేను కళ్ళారా చూశాను. "నువ్వు కూడానా?"

ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. ఒకసారి కలిపితే సరైన అంకె. రెండుసార్లు కలిపితే ఏడు పాయింట్లు ఎక్కువ. బిడ్డ ఒళ్ళు ముప్పై అయిదు పాయింట్ ఎనిమిదికి దిగినా తెర మీద నిక్షేపంగా ముప్పై ఆరున్నర కనిపిస్తుంది. పెట్టె కూడా అంతా బాగుందనుకుని వేడి తగ్గించేస్తుంది. అలారం ముప్పై అయిదున్నర కంటే కిందికి దిగితే గానీ మోగదు. ఆ వేళకి కొత్త వెర్షన్ ఎక్కి మూడు గంటలు. ఆరు పెట్టెల్లో నాలుగింట్లో పిల్లలున్నారు.

మా మేనేజరు చెడ్డవాడేం కాదు. కాకపోతే ఆయనకి ప్రపంచంలోని ప్రతి సమస్యా సోమవారం పరిష్కారమవుతుంది. అందుకే ఆయన్ని వెనకాల సోమవారం సార్ అంటాం. గదిలోకి వెళ్ళి చెప్పాం. ఆయనకి అర్థం కాలేదు.

"టిక్కు పచ్చగానే ఉంది కదమ్మా?"

"సార్, కూరలో నేనొకసారి ఉప్పు వేశాను, ఈయనొకసారి వేశాడు. ఇద్దరం సరిగ్గానే వేశాం. రుచి చూసే మనిషిని పచ్చ టిక్కు పడిందని ఇంటికి పంపేశాం. అదీ జరిగింది."

అప్పుడర్థమైంది. నుదురు తుడుచుకున్నాడు. "సరే, తొందరపడొద్దు. ముందు తొట్టిలో రుజువు చేయండి. నిజమైతే సోమవారం సరిచేసి పంపుదాం. ఇప్పుడు ఫోన్ చేసి మా పెట్టెలు తప్పు చెబుతున్నాయంటే ప్రయోగం ఆపేస్తారు. రెండేళ్ళ కష్టం. ఏడు పాయింట్లే కదా?"

"తొట్టికి రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలూ పిల్లలు చల్లబడుతూ ఉంటారు."

"నిర్ణయం నేను తీసుకోవాలి."

"తీసుకోండి సార్. మీరు తీసుకునేలోపు నేను ఫోన్ చేస్తుంటాను."

అక్కడే ఆయన టేబుల్ మీది ఫోనెత్తి వార్డుకి చేశాను. లైను ఖాళీ లేదు. మళ్ళీ చేశాను, అదే మోత. మూడోసారీ అంతే. ఫోను పెట్టేసి బ్యాగ్ తీసుకున్నాను.

"ఎక్కడికి?" అన్నాడు సోమవారం సార్.

"వార్డుకి. రెండు వీధులవతలే కదా."

"వెళ్తే నీ ఉద్యోగానికి నేను పూచీ పడలేను."

నాకు నిజంగానే భయమేసింది. లేదని బుకాయించను. ఇద్దరి జీతాలూ ఆ మూడో అంతస్తులోనే ఉన్నాయి. మా ఆయన వైపు చూశాను. మళ్ళీ "మాకేం ఇబ్బంది లేదు సార్" అంటాడేమోనని ఒళ్ళు మండటానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన మేనేజరు వైపు తిరగలేదు.

"నువ్వు వెళ్ళు. నేను తొట్టి మాస్టారిని పిలిచి నీళ్ళు కాస్తాను. వార్డు ఫోన్ కూడా వదలను, చేస్తూనే ఉంటా," అన్నాడు నాతో.

లిఫ్టు కోసం ఆగలేదు. పరుపుల దుకాణం ముందు ఎవరో ఇద్దరు పరుపుని వ్యాన్‌లోకి ఎక్కిస్తూ దారికి అడ్డంగా నిలబడ్డారు. "తప్పుకోండి!" అని నేనరిచిన అరుపుకి ఆ పరుపుతో సహా గోడకి అతుక్కుపోయారు. రెండు వీధులు, ఒక సిగ్నలు, ఆస్పత్రి మెట్లు. వార్డు తలుపు దగ్గరికి చేరేసరికి నాకు ఊపిరాడటం లేదు.

హెడ్ సిస్టర్‌కి యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడు పైనుంచి చూసి మాట్లాడే మనిషి. వరండా చివర ఫోను పట్టుకుని ఎవరినో మందుల గురించి దులిపేస్తోంది. లైను అందుకే ఖాళీ లేదు.

"సిస్టర్, మా తెరని నమ్మకండి. మీ థర్మామీటర్‌తో చూడండి. ఇప్పుడే."

"మొన్న వేడెక్కువన్నాం, సరిచేశామన్నారు. మళ్ళీ ఏమైంది?"

"రెండుసార్లు సరిచేశాం."

ఆవిడ ఇంకో ప్రశ్న వేయలేదు. ఫోన్ పెట్టేసి, చేతులు కడుక్కుని, లోపలికి నడిచింది. మొదటి పెట్టె తెర మీద ముప్పై ఆరున్నర పచ్చరంగులో వెలుగుతోంది. లోపల నా ముంజేయంత కూడా లేని పసివాడు టోపీ పెట్టుకుని పడుకున్నాడు. థర్మామీటర్ పెట్టింది. నేను అంకెలు మారడం చూస్తూ నిలబడ్డాను. ముప్పై అయిదు పాయింట్ ఎనిమిది దగ్గర ఆగింది.

నా లెక్క ఎప్పుడూ అంత కచ్చితంగా సరిపోలేదు. ఈ ఒక్కసారి తప్పాలని ఎంతగా కోరుకున్నానో నాకే తెలుసు.

సిస్టర్ నన్ను తిట్టలేదు. తిట్టే తీరిక ఆవిడకి లేదు. తెర మీద ముప్పై ఏడు పాయింట్ రెండు వచ్చేలా పెట్టమన్నాను, అప్పుడు బిడ్డకి సరైన వేడి అందుతుందని చెప్పాను. నాలుగు పెట్టెలకీ తనే పెట్టింది. పావుగంటకోసారి చేత్తో థర్మామీటర్ పెట్టి చూడమని ఇద్దరు నర్సులకి పని పంచింది. తర్వాత నా వైపు తిరిగింది.

"చేతులు కడుక్కురండి."

కడుక్కొచ్చాను. పెట్టె పక్కనున్న గుండ్రటి కిటికీ తెరిచి, నా చెయ్యి పట్టుకుని లోపలికి పెట్టించింది. నా వేలు ఆ పసివాడి అరికాలికి తగిలింది. నా బొటనవేలంత ఉంది ఆ కాలు. చల్లగా ఉంది.

"మీ సున్నా పాయింట్ ఏడు అంటే ఇది. గుర్తుంచుకోండి," అంది.

వెనక ప్లాస్టిక్ కుర్చీలో ఒకావిడ లేచి నిలబడింది. ఆస్పత్రి గౌను మీద శాలువా కప్పుకుని ఉంది. ఆ పసివాడి తల్లి.

"బాబుకేమైందండీ?"

సిస్టర్ నా వైపు చూసింది. మీరే చెప్పండి అన్నట్టు.

"బాబు మూడు గంటలుగా ఉండాల్సినంత వెచ్చగా లేడమ్మా. ఇప్పుడు సరిచేశాం. మా ప్రోగ్రామ్‌లో తప్పు..." అంటూ మొదలుపెట్టి ఆగిపోయాను. ప్రోగ్రామ్ మీదికి నెట్టడం ఎంత తేలికో! "కాదు. తప్పు నాదీ, మా ఆయనదీ. ఒకే సవరణని ఇద్దరం వేర్వేరుగా చేశాం."

ఆవిడ నావైపు ఒక అడుగు వేసింది. "వేర్వేరు ఊళ్ళలో పనిచేస్తారా?"

"లేదమ్మా. ఒకే గదిలో."

"మరి ఒకరినొకరు అడగలేదా?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఎంతోమంది ఎన్నో ప్రశ్నలడిగారు. ఇంత తేలిక ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు. పెట్టె దగ్గరికెళ్ళి అద్దం మీద చెయ్యి ఆనించి నిలబడింది.

నలభై నిమిషాల్లో నలుగురు పిల్లల వేడీ పైకి రావడం మొదలైంది. అది చూశాకే వార్డులోంచి కదిలాను.

ఆఫీసుకొచ్చేసరికి తొట్టిలో నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. తొట్టి మాస్టారు చొక్కా చేతులు పైకి మడిచి, మా ఇద్దరినీ చదువురాని పిల్లల్ని చూసినట్టు చూస్తున్నారు.

"పొద్దున నన్ను ఇంటికి పంపింది ఎవరు? చెయ్యి తడవకుండా పెట్టిన టిక్కు కూడా ఒక టిక్కేనా?" అన్నారు.

"నేనే మాస్టారూ," అన్నాను.

ఇక రెండు సవరణల్లో ఒకటి తీసేయాలి. ఏది? మా ఆయన వెంటనే అన్నాడు, "నీదే ఉంచుదాం. నాది తీసేస్తా."

"ఎందుకు?"

"ఎందుకంటే..." గొంతు తగ్గించాడు. "నువ్వసలే కోపంగా ఉన్నావు."

"నా కోపం వేరే ఫైల్లో ఉంది. దాన్ని తెచ్చి ఇందులో కలపకు. ఏది సరైనదో చెప్పు."

తొట్టి మాస్టారు నవ్వాపుకోవడానికి నీళ్ళలోకి వంగారు. మా ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇద్దరం రెండు ప్రోగ్రాములూ పక్కపక్కన పెట్టుకున్నాం. ఒకరి వరుసలు ఒకరం పైకి చదివాం. నా సవరణే ఉండాలని నేను గట్టిగా వాదించాను. నిజం చెప్పాలంటే నా వాదన బాగానే ఉంది. ఆయన అంతా విని, ఒక్క మాటన్నాడు.

"అలారం నీ దగ్గర్నుంచి అంకె తీసుకోదు. నా దగ్గర్నుంచే తీసుకుంటుంది. నాది తీసేస్తే వేడి సరిగ్గా వస్తుంది గానీ, అలారం మాత్రం ఏడు పాయింట్లు తప్పు చూస్తూ ఉంటుంది."

నాకది తట్టలేదు. అలారం సంగతి పట్టుకున్నది ఆయనే. మర్యాదకి తనది తీసేసుకుని ఉంటే, మంచి మొగుడనిపించుకుని ఇంకో తప్పుని పెట్టెలోకి పంపి ఉండేవాడు.

"ఇది మొదటే చెప్పొచ్చుగా!" అని విసుక్కుంటూ నాది తీసేశాను. మనస్ఫూర్తిగానే తీసేశాను.

మధ్యవర్తికి పంపితే ఎప్పటిలాగే క్షణంలో పచ్చ టిక్కు పెట్టింది. ఈసారి దాని మొహం ఎవరూ చూడలేదు. ముగ్గురం తొట్టి చుట్టూ రెండు గంటలు నిలబడ్డాం. నీళ్ళు ముప్పై అయిదు అయినప్పుడు తెర ముప్పై అయిదు, ముప్పై ఏడు అయినప్పుడు ముప్పై ఏడు. అలారం మోగాల్సిన చోట అంతస్తంతా అదిరిపోయేలా మోగింది. ఎండ వాలేవేళకి కొత్త వెర్షన్ వార్డుకి పంపి, పెట్టెల్ని మళ్ళీ ముప్పై ఆరున్నరకే పెట్టమని చెప్పాం. ఇంకో గంటకి హెడ్ సిస్టర్ ఫోన్ చేసింది.

"తెరా థర్మామీటరూ ఒకటే చెప్తున్నాయి. నలుగురూ ముప్పై ఆరున్నర. మొదటి పెట్టెలో బాబు పాలు కూడా తాగాడు." ఆ వెంటనే, "అయినా మేం చేత్తో చూడటం మానం," అని పెట్టేసింది.

సోమవారం సార్ అప్పటిదాకా తన గదిలోనే ఉన్నాడు. నివేదిక ఎలా రాయాలో ఒక నమూనా నా చేతికిచ్చాడు. అందులో "సాంకేతిక కారణాల వల్ల స్వల్ప వ్యత్యాసం" అని ఉంది. నేను దాన్ని మడిచి ఆయన టేబుల్ మీదే పెట్టాను. నా నివేదిక నేనే రాశాను. "ఒకే సవరణ రెండు చోట్ల జరిగింది. కలిపే ప్రోగ్రామ్ దాన్ని గుర్తించలేదు, గుర్తించడం దాని పనీ కాదు. గుర్తించాల్సిన ఇద్దరు ఉద్యోగులు ఆ వారం మాట్లాడుకోలేదు. పచ్చ టిక్కు పడితే పూర్తి పరీక్ష అక్కర్లేదన్న నియమం రాసింది నేను." కింద సంతకం చేశాను. మా ఆయన పెన్ను తీసుకుని నా సంతకం పక్కన తనూ చేశాడు. ఈసారి ముందు నన్ను అడిగాడు, "నేనూ పెట్టొచ్చా?" అని.

ఇంటికి నడుస్తుంటే సిగ్నలు దగ్గర అన్నాడు, "ఆ రోజు మీటింగులో కూడా నిన్ను అడగాల్సింది."

"అడగాల్సిందే," అన్నాను. అంతకంటే మెత్తగా అనడం నాకు రాదు.

మా అత్తగారు తలుపు తీసి మా ఇద్దరినీ ఎగాదిగా చూశారు. "ఎవరు ముందు హలో అన్నారు?" అని మాత్రం అడిగారు.

మర్నాడు శనివారం పొద్దున్నే ఆఫీసుకెళ్ళి గోడ మీది కాగితం చింపేశాను. కొత్తది అంటించాను. మధ్యవర్తి ఏ రంగు గుర్తు పెట్టినా సరే, మార్చిన మనుషులు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరి మార్పుని ఇంకొకరు పైకి చదివి, అదేం చేస్తుందో సొంత మాటల్లో చెప్పాలి. రాసిన మనిషి "అవును, అదే" అన్నాకే ముందుకు. ఆ తర్వాత తొట్టి. తొట్టి తప్పించుకోవడానికి వీల్లేదు.

సోమవారం దాని మొదటి పరీక్ష వచ్చింది. మా ఉద్యోగాల సంగతి పైవాళ్ళు ఇంకా తేల్చలేదు. నివేదిక వాళ్ళ దగ్గరే ఉంది. ఆస్పత్రి వాళ్ళు ప్రయోగం ఆపుతారో లేదో కూడా తెలియదు. తెలిసేదాకా పని ఆగదు కదా. నలభై రెండు వరుసల చిన్న మార్పు. మధ్యవర్తి టిక్కు పెట్టి గంటయింది. పద్దెనిమిదో వరుస దగ్గర మేమిద్దరం ఇరవై నిమిషాలుగా వాదించుకుంటున్నాం. ఆఫీసంతా కళ్ళప్పగించి చూస్తోంది. వారం కిందట ఇద్దరి నోళ్ళకీ తాళాలు, ఇప్పుడేమో మూయమన్నా మూతపడవు.

సోమవారం సార్ తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "పచ్చగానే ఉంది కదమ్మా, ఇంకెంతసేపు? ఇలాగైతే నెలకి ఒక్క వెర్షన్ కూడా బయటికి వెళ్ళదు. ఈ ఒక్కసారికి పంపేయండి."

ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. పని నెమ్మదిస్తుంది, పైవాళ్ళు అడుగుతారు, ఆయనే జవాబు చెప్పాలి. ఒక్క క్షణం నా వేలు పంపే బటన్ వైపు వెళ్ళింది కూడా. ఆ వేలి చివర ఆ చిన్న అరికాలు ఇంకా చల్లగానే తగులుతోంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కుర్చీ మా ఆయన ఎదురుగా ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను.

"మళ్ళీ పద్దెనిమిది నుంచి చదువు," అన్నాను.